మాహిష్మతి మోత... మన ఊళ్లో ఎప్పుడు?

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే గుడిమల్కాపూర్‌కు నిద్ర ఉండదు. ఇంకా చీకటి ఉండగానే చేవెళ్ల, షాబాద్ వైపు నుంచి బంతి, చామంతి మూటలతో ఆటో ట్రాలీలు పూల మార్కెట్‌లోకి వచ్చి ఆగుతాయి. కాటా మీద రాలిన రేకుల్ని అరచేత్తో పక్కకు నెట్టి మరో బుట్ట ఎత్తిపెడతాడు కుర్రాడు. కిలో ధర గట్టిగా అరుస్తాడు. బేరం తెగేలోపే ఇంకెవరో ఆ మూట ఎత్తేస్తారు. అటు మసీదులో అజాన్, ఇటు ఝాంసింగ్ బాలాజీ ఆలయంలో గంట. పొద్దెక్కేసరికి పూలన్నీ మండపాల దారి పడతాయి.

రాత్రికి అదే రోడ్డు మీద బరాత్. పూలలో మునిగిపోయిన కారు ముందు బ్యాండు మేళం. ట్రంపెట్లు, క్లారినెట్, ఒంటికి చుట్టుకున్నట్టుండే పెద్ద ఇత్తడి కొమ్ము, సైడ్ డ్రమ్ము, పొట్టకు కట్టుకున్న పెద్ద డోలు. మాస్టారు చెయ్యెత్తుతాడు. ముందు ఒక దేవుడి పాట, తర్వాత కుర్రాళ్ల కోసం తీన్మార్, ఫంక్షన్ హాలు గేటు దగ్గరకొచ్చేసరికి ‘సాహోరే బాహుబలి’. ట్రంపెట్ దించిన మనిషి పెదవి మీద గుండ్రటి ముద్ర పడి ఉంటుంది. జేబురుమాలుతో అక్కడ ఒత్తుకుని, రెండు గుక్కల నీళ్లు తాగి, మళ్లీ ఎత్తుకుంటాడు. ఆ పాట పై స్థాయికి ఎగబాకేచోట ఎంత ఊపిరి కావాలో వాయించేవాడికే తెలుసు.

‘బాహుబలి’ కథలోని ఆ మాహిష్మతి రాజ్యపు సంగీతాన్నే, అదే జాతి ఇత్తడి వాద్యాల మీద, 2019 అక్టోబరు 19న లండన్‌లో జనం టికెట్టు కొనుక్కుని విన్నారు.

2025 అక్టోబరు 31న రెండు భాగాలనూ కలిపి ‘బాహుబలి: ది ఎపిక్’ పేరుతో మళ్లీ థియేటర్లకు తెచ్చారు. అప్పట్నుంచి ఏ పాట ఉంచారు, ఏది తీసేశారన్న చర్చ ఇళ్లలోనూ నడిచింది. నవంబరులో రామోజీ ఫిల్మ్ సిటీలో దర్శకుడు రాజమౌళి కొత్త సినిమా ‘వారణాసి’ పేరు ప్రకటించారు. ‘బాహుబలి’కి లాగే దానికీ ఎం.ఎం.కీరవాణే సంగీతం. ఈ పదేళ్లలో సెట్లు, గ్రాఫిక్స్, వసూళ్ల గురించి మనం చాలా చదివాం. ఆ రాజ్యాన్ని చెవులకు కట్టిన వాద్యకారుల గురించి చదివింది తక్కువ. ఈ కథనం వాళ్ల కోసం.

లండన్‌లో ఆ సాయంత్రం

రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో పెద్ద తెర దించి ‘బాహుబలి: ది బిగినింగ్’ ఆడించారు. తెర కింద వేదిక నిండా రాయల్ ఫిల్హార్మోనిక్ కన్సర్ట్ ఆర్కెస్ట్రా. వాళ్ల ముందు స్విట్జర్లాండ్‌కు చెందిన కండక్టర్ లుడ్విగ్ విక్కీ. సినిమాలోని మాటలు, కత్తుల చప్పుడు, జలపాతం హోరు స్పీకర్లలోంచి వచ్చాయి. సంగీతం మాత్రం అక్కడికక్కడ మనుషుల చేతుల్లోంచి, ఊపిరితిత్తుల్లోంచి పుట్టింది. రాజమౌళి, కీరవాణి, ప్రభాస్, అనుష్క, రానా, నిర్మాత శోభు యార్లగడ్డ ప్రేక్షకుల్లో ఉన్నారు. ఆ హాలు చరిత్రలో ఇలా ప్రదర్శించిన మొదటి ఆంగ్లేతర చిత్రం ఇదే. ఆరేళ్లు తిరక్కుండానే, 2025 మే 11న అదే వేదిక మీద ‘ఆర్ఆర్ఆర్’ కూడా అలాగే మోగింది.

లుడ్విగ్ విక్కీని ఎందుకు పిలిచారో అర్థం కావాలంటే ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ దాకా వెళ్లాలి. ఆ కథ పక్కనున్న పెట్టెలో చదవండి.

▣ ఉంగరం వెంట వచ్చిన ఆర్కెస్ట్రా
‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మూడు సినిమాలకూ సంగీతం కూర్చింది హోవర్డ్ షోర్. ఒక్కో జాతికి, ఒక్కో ఊరికి, చివరికి ఉంగరానికి కూడా విడి బాణీలు కట్టారు. అలాంటివి 80కి పైనే అని లెక్కగట్టినవాళ్లున్నారు. ఆ సిరీస్ ఆయనకు మూడు ఆస్కార్లు తెచ్చింది. మొదటి భాగాన్ని తెర మీద ఆడిస్తూ పూర్తి ఆర్కెస్ట్రాతో మొదటిసారి వాయించింది 2008లో, స్విట్జర్లాండ్‌లోని లూసర్న్‌లో. కండక్టర్ విక్కీయే. మరుసటి ఏడాది అది రాయల్ ఆల్బర్ట్ హాల్‌కు వచ్చింది. పదేళ్ల తర్వాత అదే హాల్లో ఆయన చేతి కింద మాహిష్మతి పలికింది.

తెర చూస్తూ వాయించేదెలా?

సెకనుకు 24 ఫ్రేములు. నిమిషానికి 120 దెబ్బల లయలో ఒక్కో దెబ్బకు 12 ఫ్రేములు దొర్లిపోతాయి. కత్తి దిగిన క్షణానికి డోలు అర సెకను ఆలస్యమైతే మామూలు ప్రేక్షకుడు కూడా పట్టేస్తాడు. సినిమా ఆగదు, వెనక్కి రాదు. కచేరీలో గాయకుడు ఇంకో ఆవర్తనం పెంచుకుంటే మృదంగం సర్దుకుంటుంది. ఇక్కడ సర్దుకునే అవకాశం ఎవరికీ లేదు.

అందుకని కండక్టర్ ముందు ఒక చిన్న తెర పెడతారు. అందులో సినిమా బొమ్మ మీద ఓ నిలువు గీత ఎడమ నుంచి కుడికి జరుగుతూ పోతుంది. అది అంచుకు చేరగానే తెల్లటి మెరుపు. ఆ మెరుపు దగ్గరే కొత్త స్వరం ఎత్తుకోవాలి. హాలీవుడ్ పాతకాలపు సంగీత దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ న్యూమన్ పేరు మీద ఈ పద్ధతి చలామణీలోకి వచ్చింది. అప్పట్లో ఫిల్ము మీద గీత గీకేవారు, ఫ్రేములకు రంధ్రాలు పొడిచేవారు. ఇప్పుడు కంప్యూటరు గీస్తుంది. చెవిలో ‘క్లిక్’ టక్ టక్‌మని కొడుతూ ఉంటుంది.

ఇంగ్లిష్ సినిమాతో పోలిస్తే తెలుగు సినిమాకు చిక్కులెక్కువ. మన సినిమాలో పాట ఉంటుంది. పాడినవాళ్ల గొంతు రికార్డులోంచే రావాలి, ఆర్కెస్ట్రా దాని వెంట నడవాలి. గాయకుడు ఒకచోట అక్షరాన్ని కాస్త సాగదీసి ఉంటే ఆర్కెస్ట్రా అంతా అక్కడ కాస్త సాగాలి. ఇక గమకం. పాశ్చాత్య స్టాఫ్ నొటేషన్‌లో స్వరానికి ఓ చుక్క పెడతారు. మన ‘గ’ చుక్క మీద నిలబడదు, ఊగుతుంది. ఆ ఊపును గీతలుగా రాసిస్తే తప్ప లండన్ వయొలిన్‌కు అది తెలియదు. కంప్యూటర్లో ట్రాకులు ట్రాకులుగా పెరిగిన సంగీతాన్ని ఎవరో కూర్చుని, విని, ప్రతి వాద్యానికీ విడిగా పార్టు రాసి, అచ్చు వేసి స్టాండు మీద పెట్టాలి. పోస్టరు మీద పేరు పడని పని ఇది. కచేరీ నిలబడేది దీని మీదే.

కొవ్వూరు ఇంట్లో రాగాల పేర్లు

కోడూరి మరకతమణి కీరవాణి 1961 జులై 4న గోదావరి ఒడ్డున కొవ్వూరులో పుట్టారు. తండ్రి శివశక్తి దత్తా రచయిత, చిత్రకారుడు, సంగీతం తెలిసిన మనిషి. పిల్లలకు రాగాల పేర్లు పెట్టుకున్నారు: ఒకరు కీరవాణి, తమ్ముడు కళ్యాణి మాలిక్. కీరవాణి రాగం 21వ మేళకర్త. పాశ్చాత్యులు హార్మోనిక్ మైనర్ అని పిలిచే స్వర వరుస సరిగ్గా అదే. పేరులోనే రెండు సంప్రదాయాల స్వరాలూ కలిసిన ఈ వ్యక్తి చిన్నప్పుడు వయొలిన్ పట్టారు. 1987 ప్రాంతంలో సంగీత దర్శకుడు చక్రవర్తి దగ్గర సహాయకుడిగా చేరారు. ‘మనసు మమత’ (1990), ‘క్షణ క్షణం’ (1991)తో పేరొచ్చింది, ‘అన్నమయ్య’ (1997)తో జాతీయ అవార్డు. 2001లో ‘స్టూడెంట్ నం.1’ నుంచి రాజమౌళి తీసిన ప్రతి సినిమాకూ ఆయనే. 2023లో ‘నాటు నాటు’కు ఆస్కార్.

‘బాహుబలి’ ఒక రకంగా ఆ ఇంటి సినిమా. కథ రాసిన విజయేంద్రప్రసాద్ కీరవాణికి బాబాయి, దర్శకుడు తమ్ముడి వరస. దుస్తులు రమా రాజమౌళి చూశారు. ‘దండాలయ్యా’ పాడింది కీరవాణి కొడుకు కాలభైరవ. ‘మమతల తల్లి’ రాసింది తండ్రి. బరాత్‌లో మోగే ‘సాహోరే బాహుబలి’ని డాక్టర్ కె.రామకృష్ణతో కలిసి రాసిందీ ఆయనే. ఆ పెద్దాయన 2025 జులైలో, 92 ఏళ్ల వయసులో వెళ్లిపోయారు. నాలుగు నెలలు ఆగి ఉంటే తన మాటలకు థియేటర్లలో మళ్లీ ఈలలు పడటం వినేవారు.

మాట్లాడని ఈగ, కంపించిన నేల

ఈ సంగీతం గొప్పదనం ఎక్కడుందని నన్నడిగితే ముందు రాజమౌళి ‘ఈగ’ (2012) చూడమంటాను. కథానాయకుడికి మాటల్లేవు, ముఖకవళికలు కనిపించవు. దాని కోపం, తెగింపు, విచారం అన్నీ రీరికార్డింగ్ మోయాలి. కనిపించని భావాన్ని వాద్యం మీద నమ్మించే విద్య అక్కడ బాగా సాన పట్టింది. జానపద, కాల్పనిక సినిమాలకు అదే ప్రాణం. అక్కడి రాజ్యం ఎక్కడా లేదు. పటంలో ఊరు లేదు, చరిత్ర పుస్తకంలో రాజు లేడు. గ్రాఫిక్స్ పూర్తికాక ముందు నటుడి వెనక ఉండేది ఆకుపచ్చ గుడ్డే. అది కోట అని మన ఒంటికి తెలియజేసేది ధ్వని.

‘బాహుబలి’ రెండో భాగం విశ్రాంతి ఘట్టం గుర్తు తెచ్చుకోండి. భల్లాలదేవుడు రాజుగా ప్రమాణం చేస్తాడు. అంతా పద్ధతి ప్రకారం జరుగుతుంది, కానీ సభలో వేడి లేదు. తర్వాత అమరేంద్ర బాహుబలి సేనాధిపతిగా ప్రమాణం చేస్తాడు. ముగించేసరికి జనంలోంచి ఓ పేరు లేస్తుంది. అది రెండు గొంతులు, పది, వెయ్యి అవుతుంది. జనం కేక ఎక్కడ ఆగిందో, కోరస్ ఎక్కడ మొదలైందో ఎన్నిసార్లు విన్నా నాకు గీత దొరకలేదు. కింద డోళ్ల దెబ్బ, దాని మీద ఇత్తడి వాద్యాల నిండు గొంతు. నేల కంపించి, కొత్త రాజు సింహాసనం దగ్గరి వస్తువులు వణుకుతాయి. మాట ఒక్కటీ లేకుండా, రాజ్యం ఎవరిదో తేలిపోతుంది. అక్కడ సంగీతం తీసేసి చూడండి. మిగిలేది కేకలు వేస్తున్న జనమే.

‘ధీవర’ పాట దగ్గర ఇంకో పని చేశారు. కొండ ఎక్కుతున్నవాడి కండల బలం తెర మీద కనిపిస్తూనే ఉంది. దాన్ని వాద్యాలతో రెట్టించి చెప్పకుండా పైనుంచి పిలుస్తున్న ఆడగొంతును ముందుకు తెచ్చారు. రమ్య బెహరా ఆ పిలుపు పాడారు. అతను పడిపోయిన ప్రతిసారీ మళ్లీ ఎందుకు లేస్తున్నాడో ఆ గొంతు వింటే తెలుస్తుంది.

▣ కిలికి
కాలకేయుల భాష కిలికిని మదన్ కార్కీ సృష్టించారు. దాదాపు 750 పదాలు, 40 వ్యాకరణ నియమాలు. అర్థం తెలియని ఆ మాటల దడదడ కూడా యుద్ధ ఘట్టంలో ఒక తాళవాద్యంలా పనిచేసింది. సినిమా సౌండ్ డిజైన్ చేసింది పి.ఎం.సతీశ్.

కోడంబాకంలో ఇది రోజువారీ పని

తెర చూస్తూ ఆర్కెస్ట్రా వాయించడమన్నది లండన్ నుంచి దిగిన కొత్త వింతలా మాట్లాడుతుంటాం. మద్రాసులో, కోడంబాకం స్టూడియోల్లో ఒకప్పుడు అదే నిత్యం జరిగే పని. రీరికార్డింగ్ థియేటర్లో రీలు తర్వాత రీలు వేసేవారు. సంగీత దర్శకుడు చూస్తూ స్వరాలు రాసేవాడు. సహాయకుడు వాటిని వాద్యకారులకు పంచేవాడు. మళ్లీ రీలు వేస్తే వయొలిన్లు, సెల్లోలు, వేణువులు, డోళ్లు అన్నీ తెర వైపు ఓ కన్నేసి ఒకే టేకులో వాయించేవి. ఒకరు తప్పితే అందరూ మళ్లీ మొదటి నుంచి.

సాలూరు దగ్గరి శివరామపురంలో పుట్టిన రాజేశ్వరరావు 1948లోనే జెమినీ వాసన్ ‘చంద్రలేఖ’కు పాటలు కట్టారు. పెద్ద పెద్ద డోళ్ల మీద నర్తకులు ఆడే ఘట్టం ఈనాటికీ మాట్లాడుకునేదే. 1951లో ‘పాతాళ భైరవి’కి ఘంటసాల. 1957లో ‘మాయాబజార్’కు రాజేశ్వరరావు కొన్ని పాటలు చేసి తప్పుకుంటే మిగతాదంతా ఘంటసాల పూర్తి చేశారు. 1961లో ‘జగదేకవీరుని కథ’కు పెండ్యాల. ‘బాహుబలి’ నాటికి తెలుగు సినిమా మాయామంత్రాలకు ధ్వని కట్టి తరాలు గడిచాయి. వాయించినవాళ్లలో చాలామంది పేర్లు టైటిల్ కార్డుల్లో పడలేదు. వాళ్ల కూలి కోసం సినీ మ్యుజీషియన్స్ యూనియన్ కట్టిన ఎం.బి.శ్రీనివాసన్ పుట్టింది మన చిత్తూరులో. కాల్షీటు లెక్కన సకాలంలో డబ్బు చేతికొచ్చే ఏర్పాటు వెనక ఆయన పోరాటముంది.

కీబోర్డు వచ్చాక

ఎనభైల చివరి నుంచి శాంపిల్స్ వచ్చాయి. నిజమైన వయొలిన్ల స్వరాలను ఒక్కొక్కటిగా రికార్డు చేసి కీబోర్డులో దాచారు. ఒక మీట నొక్కితే ఇరవై వయొలిన్లు. ఖర్చు తగ్గింది, వేగం పెరిగింది. దర్శకుడు అర్ధరాత్రి సీను మార్చినా తెల్లారేసరికి కొత్త సంగీతం సిద్ధం. ఆ సౌకర్యం లేకుండా ఈ కాలపు పెద్ద సినిమాలు పూర్తికావు, ఒప్పుకోవాల్సిందే. హైదరాబాద్‌లో చిన్న గదుల్లో కూర్చుని రాత్రింబవళ్లు ఈ పని చేసే ప్రోగ్రామర్ల చెవి, ఓపిక మామూలువి కావు.

పోయిందేమిటంటే, మనుషులు ఒకే గదిలో కూర్చుని ఒకరి ఊపిరి ఒకరు వింటూ వాయించడం. పక్కవాడి విల్లు ఎటు కదిలితే తన విల్లూ అటు కదపడం పుస్తకం చదివితే రాదు. ఏళ్ల తరబడి పక్కన కూర్చోవాలి. ఆ గదులు మూతపడ్డాక, మద్రాసు నుంచి సినిమా హైదరాబాద్‌కు వచ్చాక, ఆ వాద్యకారుల బృందాలు వెంట రాలేదు. ఇప్పుడు పెద్ద తీగల బృందం కావాలనుకుంటే నిర్మాతలు చెన్నై వైపో, విదేశాల వైపో చూస్తారు.

పనిమంతులు మనకు లేరా అంటే, ఉన్నారు. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్. తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు. ఆయన విల్లు పట్టే తీరులో పాశ్చాత్య నాదపు నిండుదనం ఉందని ఆ రోజుల్లోనే చెప్పుకొన్నారు. రాంకోఠిలో త్యాగరాజ సంగీత నృత్య కళాశాల ఉంది. ఇత్తడి వాద్యాలకు మన పెళ్లి బ్యాండ్లే ఉన్నాయి. తండ్రి దగ్గర ట్రంపెట్ నేర్చుకుని, కాగితం చూడకుండా వందల పాటలు వాయించే కుర్రాళ్లు వాళ్లు. వాళ్లకు స్టాఫ్ నొటేషన్ చదవడం నేర్పే చోటు లేదు. నిజాం సైన్యంలో చేరిన అరబ్బులు, సిద్దీలు తెచ్చిన మర్ఫా దరువు ఈ నగరం సొంతం. ఏ ఆర్కెస్ట్రా తాళ విభాగానికైనా అది కొత్త బలం.

కోతలో తెగిన రాగాలు

రెండు సినిమాలను ‘ది ఎపిక్’గా కలిపి దాదాపు మూడూముప్పావు గంటలకు కుదించినప్పుడు చాలా పోయాయి. ‘పచ్చబొట్టేసినా’, ‘ఇరుక్కుపో’, ‘కన్నా నిదురించరా’ పాటలు తీసేశామని రాజమౌళే చెప్పారు. కథ పరుగుకు అది అవసరమే కావచ్చు. కానీ దేవసేన కృష్ణుడి ముందు పాడే జోలపాట పోయినప్పుడు నాకు బాధేసింది. ఆ సినిమాలో కత్తి చప్పుడు లేని నిమిషాలే తక్కువ. ఆమె గొంతును నింపాదిగా విన్న చోటు అది. తర్వాత ఆమె కోపం అంత బరువుగా వినిపించడానికి ఆ మెత్తదనం పునాది.

కోత వల్ల ఇంకో చిక్కు. సీను తెగినచోట సంగీతం కూడా తెగుతుంది. పాత సీనులో ఎనిమిది ఆవర్తనాలు తీసుకుని ఎదిగిన స్వరం ఇప్పుడు మూడింట్లోనే శిఖరానికి చేరాలి. ఆ అతుకు మనకు వినిపించకుండా చేసిన పనివాళ్లకు దండం పెట్టాలి.

▣ ఆ హాలు కథ
రాయల్ ఆల్బర్ట్ హాల్‌ను 1871 మార్చి 29న విక్టోరియా మహారాణి సమక్షంలో ప్రారంభించారు. కూర్చునే చోట్లు ఐదు వేలకు పైనే. గుమ్మటం కింద ధ్వని తిరిగొచ్చి రెండుసార్లు వినిపించేది. 1969 ప్రాంతంలో పైకప్పు నుంచి పుట్టగొడుగుల ఆకారంలో ఫైబర్‌గ్లాస్ పలకలు వేలాడదీశాక ఆ ప్రతిధ్వని తగ్గింది.

హైదరాబాద్‌కు ఏం కావాలి?

మన దేశంలో నెలజీతాలిచ్చి నడిపే ఆర్కెస్ట్రా అనగానే గుర్తొచ్చేది ముంబయి ఎన్‌సీపీఏలో 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా. ప్రపంచమంతా చూసిన కాల్పనిక సినిమాను తీసిన నగరానికి అలాంటి బృందం ఒకటి ఎందుకుండకూడదు? లండన్ వాళ్లు వాయించడం మనకు గౌరవమే, ఆ రాత్రి గురించి ఎప్పుడు తలచుకున్నా సంతోషమే. ఆ టికెట్టు కొనలేని, వీసా లేని జనమే ఈ సినిమాను మోసింది. వాళ్ల చెవులకు కూడా ఒకసారి నిజమైన నలభై వయొలిన్లు, ఎనిమిది ఇత్తడి కొమ్ములు మైకు లేకుండా వినపడాలి.

పని సగం అయ్యే ఉంది. ఒకసారి లండన్‌లో వాయించారంటే ప్రతి వాద్యానికీ పార్టు రాసి ఉన్నట్టే. శిల్పకళా వేదిక ఉంది, రవీంద్రభారతి ఉంది. లేనిది ఏడాది పొడవునా కలిసి సాధన చేసే బృందం, వాళ్లకు నెలనెలా వచ్చే డబ్బు. సంగీత కళాశాలల్లో స్టాఫ్ నొటేషన్ రెండేళ్ల పాఠంగా పెట్టొచ్చు. పెళ్లిళ్లు లేని ఆషాఢంలో బ్యాండు కుర్రాళ్లకు స్టైపెండ్ ఇచ్చి అక్కడే కూర్చోబెట్టొచ్చు. ఒక్క భారీ సినిమా ప్రచార ఖర్చులో చిన్న వాటా పక్కన పెట్టినా మొదటి ఏడాది గడుస్తుంది.

‘వారణాసి’ 2027లో వస్తుందంటున్నారు. దాని రీరికార్డింగ్‌లో ఒక్క తీగల బృందమైనా హైదరాబాద్‌లో, ఒకే గదిలో, ఒకే టేకులో వాయిస్తే ఆ రోజు కూలి ఇక్కడి ఇళ్లకే చేరుతుంది. పార్టుల మీద పెన్సిలుతో పెట్టుకున్న గుర్తులు ఆ తర్వాత శిల్పకళా వేదికలో జరిగే మొదటి కచేరీకి అలాగే పనికొస్తాయి.